వైద్య ఆరోగ్య శాఖ చేత జవాబు చెప్పించడం ఎలా: ఊరి పీహెచ్‌సీ నుంచి అసెంబ్లీ దాకా

పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, బీపీ మాత్రలు రెండు వారాలుగా లేవు. ఫార్మసిస్టును అడిగితే "పైనుంచి రాలేదు" అంటారు. డాక్టరు గారిని అడిగితే "ఇండెంట్ పెట్టాం" అంటారు. జిల్లా ఆఫీసుకు ఫోన్ చేస్తే "కార్పొరేషన్ సప్లై ఆపింది" అంటారు. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండొచ్చు. కానీ ఆ మాటల్లో దేనికీ తేదీ లేదు, సంతకం లేదు. మర్నాటికి అది ఎవరి మాటా కాకుండా పోతుంది.

ప్రభుత్వ శాఖ కాగితం మీద నడుస్తుంది, కాగితానికే జవాబు చెబుతుంది. మన ఫిర్యాదును ఎవరో ఒక అధికారి సంతకం పెట్టి జవాబివ్వక తప్పని కాగితంగా మార్చాలి. ఈ పని మొత్తం అదే. దీనికి లా చదవక్కర్లేదు. ఓపిక, ఒక ఫైలు, తేదీలు రాసుకునే అలవాటు కావాలి. వార్డు మెంబరైనా, మహిళా సంఘమైనా, ఊళ్లో నలుగురు కుర్రాళ్లైనా చేయగలిగిన పని ఇది. కింద చెప్పింది రెండు తెలుగు రాష్ట్రాలనూ దృష్టిలో పెట్టుకుని రాసింది.

1. ముందు ఆ ఆసుపత్రి ఎవరి కింద ఉందో తేల్చుకోండి

చాలా ఫిర్యాదులు ఇక్కడే చచ్చిపోతాయి. "ప్రభుత్వాసుపత్రి" అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ లోపల మూడు వేర్వేరు వరుసలున్నాయి. ఉపకేంద్రాలు, పీహెచ్‌సీలు, పట్టణ ఆరోగ్య కేంద్రాలు జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) కిందికి, పైన ప్రజారోగ్య డైరెక్టర్ కిందికి వస్తాయి. సామాజిక ఆరోగ్య కేంద్రాలు, ఏరియా ఆసుపత్రులు, కొన్ని జిల్లా ఆసుపత్రులు వైద్య విధాన పరిషత్ వరుసలో ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో దాన్నే ఇప్పుడు సెకండరీ హెల్త్ డైరెక్టరేట్ అంటున్నారు. జిల్లాలో దాని అధికారి డీసీహెచ్‌ఎస్, అంటే జిల్లా ఆసుపత్రి సేవల సమన్వయకర్త. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న బోధనాసుపత్రులు వైద్య విద్య డైరెక్టర్, అంటే డీఎంఈ కింద ఉంటాయి. అక్కడ సూపరింటెండెంటే స్థానిక పెద్ద.

ఇటీవల కొత్త మెడికల్ కాలేజీలు వచ్చిన చోట జిల్లా ఆసుపత్రి డీఎంఈ కిందికి మారిపోయింది. బోర్డు మాత్రం పాతదే వేలాడుతుంటుంది. అలాంటి ఆసుపత్రి గురించి డీఎంహెచ్‌ఓకు అర్జీ పెడితే అది "మా పరిధి కాదు" అన్న ముద్రతో తిరిగొస్తుంది.

మందులు, పరికరాలు, భవనాలకు మరో సంస్థ ఉంది, వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి కార్పొరేషన్. ఆంధ్రలో ఏపీఎంఎస్‌ఐడీసీ, తెలంగాణలో టీజీఎంఎస్‌ఐడీసీ. టెండరు పిలిచేది, కొనేది, సెంట్రల్ డ్రగ్ స్టోర్ల దాకా చేర్చేది ఆ కార్పొరేషన్. కాబట్టి మందుల కొరత మీద రాసేటప్పుడు ఒక కాగితం ఆసుపత్రికి, ఒకటి డ్రగ్ స్టోరుకు, ఒకటి కార్పొరేషన్‌కు వెళ్లాలి. మూడు జవాబులూ పక్కపక్కన పెడితే తప్ప గొలుసు ఎక్కడ తెగిందో తెలియదు.

2. ప్రభుత్వం ఏం ఇస్తానందో చేతిలో పెట్టుకోండి

"సౌకర్యాలు లేవు" అన్న ఫిర్యాదుకు "సాధ్యమైనంత కల్పిస్తున్నాం" అన్న జవాబు చాలు. "ఇన్ని ఇవ్వాలి, ఇన్నే ఉన్నాయి" అంటే ఆ జవాబు సరిపోదు. కొలబద్ద ప్రభుత్వం రాసుకున్నదే ఉంది. భారత ప్రజారోగ్య ప్రమాణాలు, అంటే ఐపీహెచ్‌ఎస్, 2007లో వచ్చాయి, 2012లోనూ 2022లోనూ సవరించారు. మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒకటి ఉండాలి. ఉపకేంద్రానికి ఆ లెక్క 5,000, 3,000. ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌గా మార్చిన పీహెచ్‌సీలో 172 రకాల మందులు, 63 రకాల పరీక్షలు ఉండాలని కేంద్రం చెప్పింది.

కాన్పుల విషయంలో 2011 నాటి జననీ శిశు సురక్షా కార్యక్రమం ఇంకా స్పష్టంగా ఉంది. ప్రభుత్వాసుపత్రిలో మామూలు కాన్పు, సిజేరియన్ రెండూ పూర్తి ఉచితం. మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, ఉన్నన్ని రోజులూ భోజనం (మామూలు కాన్పుకు 3 రోజుల దాకా, సిజేరియన్‌కు 7 రోజుల దాకా), ఇంటికి చేర్చే బండి, అన్నీ అందులో ఉన్నాయి. జబ్బుపడ్డ పసిబిడ్డ వైద్యం కూడా ఉంది. బిడ్డ పుట్టాక "బయటకు రాసిచ్చిన" ప్రతి మందుల చీటీ ఈ హామీకి ఎదురు సాక్ష్యం. ఆ చీటీలు, మెడికల్ షాపు బిల్లులు పారేయొద్దని ఊళ్లో అందరికీ చెప్పండి. పదిహేను చీటీలు ఒకచోట చేరితే అవి ఒక నివేదికతో సమానం.

3. ఏ కాగితాలు అడగాలి

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఆసుపత్రిలో ఏది సరిగా లేకపోయినా దాని జాడ ఏదో ఒక రిజిస్టర్లో ఉంటుంది. ఏ రిజిస్టరో తెలిస్తే సగం పని అయినట్టే.

మందుల సంగతే తీసుకుందాం. ఇండెంట్ నకలు అడగండి. ఆసుపత్రి ఏ తేదీన, ఎన్ని అడిగిందో అందులో ఉంటుంది. ఆ తర్వాత డ్రగ్ స్టోర్ నుంచి వచ్చిన సరఫరా వోచర్లు. ఆ తర్వాత స్టాక్ రిజిస్టర్. మందుల నిల్వలు ఈ-ఔషధి సాఫ్ట్‌వేర్‌లో నమోదవుతాయి కాబట్టి అందులోంచి తీసిన నిల్వల ప్రింటు కూడా అడగండి. చివరగా ఓపీ రిజిస్టర్‌లో రోజువారీ రోగుల సంఖ్య. పేర్లు అక్కర్లేదు, సంఖ్య చాలు. ఇప్పుడు ఒక్కో తేడా ఒక్కో చోటు చూపిస్తుంది. ఇండెంటే పెట్టకపోతే తప్పు ఆసుపత్రిది. పెట్టినా సరఫరా రాకపోతే ప్రశ్న పైకి వెళ్లాలి. సరఫరా వచ్చింది, స్టాక్ ఉంది, రోగికి మాత్రం చీటీ బయటకు రాశారంటే అది వేరే కథ. గడువు తీరిన మందుల జాబితా కూడా అడగండి. ఒకపక్క కొరత, ఇంకోపక్క గడువు తీరిపోయిన అట్టపెట్టెలు, రెండూ ఒకే గదిలో ఉండటం అరుదేమీ కాదు.

సిబ్బంది దగ్గర అసలు చిక్కు డిప్యుటేషన్లలో, అంటే ఒకచోటి ఉద్యోగిని తాత్కాలికంగా ఇంకోచోటికి పంపే ఆర్డర్లలో ఉంటుంది. పోస్టు ఇక్కడ, జీతం ఇక్కడి పద్దులో, మనిషి మాత్రం జిల్లా కేంద్రంలో. హాజరు పట్టీ చూస్తే అన్నీ నిండుగానే కనిపిస్తాయి. అందుకే మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, ఖాళీగా ఉన్నవి, డిప్యుటేషన్ మీద బయటకు పంపినవి అని నాలుగు విడి వరుసలుగా ఉన్న రికార్డు అడగాలి. ఆ డిప్యుటేషన్ ఆర్డర్ల నకళ్లు కూడా అడగాలి, ఎందుకంటే వాటి మీద సంతకం పెట్టిన అధికారే జవాబుదారీ. ల్యాబ్ టెక్నీషియన్ లేక రక్త పరీక్షలు ఆగిపోయిన పీహెచ్‌సీల్లో చాలాసార్లు ఆ టెక్నీషియన్ ఇంకెక్కడో పనిచేస్తుంటారు. ఆ ఉద్యోగిని తిట్టి లాభం లేదు. ఆర్డరు ఆయన రాసుకున్నది కాదు.

పరికరాలకు ఆస్తుల రిజిస్టర్, నిర్వహణ ఒప్పందం, రిపేరు కోసం రాసిన ఉత్తరాలు అడగండి. పని చేయని ఎక్స్‌రే మిషన్ ఎప్పటినుంచి పని చేయడం లేదో ఆ ఉత్తరాల తేదీలే చెబుతాయి.

డబ్బు విషయం ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో చూడాలి. దేశమంతటా రోగి కల్యాణ సమితి అనే దాన్ని మన దగ్గర ఈ పేరుతో పిలుస్తారు. జాతీయ ఆరోగ్య మిషన్ నుంచి వచ్చే అన్‌టైడ్ నిధులు (ఫలానా పనికే అని కట్టుబాటు లేనివి) దీని తీర్మానంతోనే ఖర్చవుతాయి. సంఘం మీటింగు మినిట్స్, క్యాష్ బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్, యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఈ నాలుగూ ఒకే కాలానికి అడగండి. మినిట్స్ పుస్తకంలో ఏడాదికి ఒక్క సమావేశం కూడా లేదంటే ఖర్చు ఎవరి నిర్ణయంతో జరిగిందన్న ప్రశ్న దానంతటదే లేస్తుంది.

4. సమాచార హక్కు దరఖాస్తు రాయడం

2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉన్న సమాచార హక్కు చట్టం మన ప్రధాన ఆయుధం. దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన అవసరం లేదని సెక్షన్ 6(2) చెబుతోంది. రాయలేని వాళ్లు నోటితో చెబితే రాసిపెట్టే బాధ్యత సమాచార అధికారిదే.

అడగాల్సింది రికార్డు. "మా ఊళ్లో మందులు ఎందుకు లేవు?" అనేది ప్రశ్న, దానికి ఈ చట్టం కింద జవాబు రాదు. రికార్డుల్లో ఉన్నదాన్నే ఇవ్వాలి గానీ కొత్తగా వివరణ తయారుచేసి ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో చెప్పింది. చదువుకున్న వాళ్లు కూడా ఎక్కువగా తడబడేది ఈ ఒక్క చోటే. అదే సంగతిని ఇలా రాయండి:

"ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఫలానా గ్రామం, ఫలానా మండలానికి సంబంధించి 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు: (1) సెంట్రల్ డ్రగ్ స్టోర్‌కు పంపిన అన్ని మందుల ఇండెంట్ల ధ్రువీకరించిన నకళ్లు. (2) అదే కాలంలో అందిన సరఫరా వోచర్ల నకళ్లు. (3) మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ మాత్రలకు సంబంధించిన స్టాక్ రిజిస్టర్ పేజీల నకళ్లు. (4) అదే కాలంలో నెలవారీ ఓపీ సంఖ్యలు ఉన్న రికార్డు నకలు."

కాలం, స్థలం, రికార్డు పేరు మూడూ ఉన్నాయి చూడండి. ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉంచండి. మందులు, సిబ్బంది, నిధులు అన్నీ కలిపి ముప్పై ప్రశ్నలు రాస్తే "సమాచారం విస్తారంగా ఉంది, వచ్చి చూసుకోండి" అంటారు. నిజానికి వచ్చి చూడటం చెడ్డదేమీ కాదు. సెక్షన్ 2(జె) కింద రికార్డులు తనిఖీ చేసే హక్కు, నోట్సు రాసుకునే హక్కు ఉన్నాయి. మొదటి గంటకు ఫీజు లేదు. ఇద్దరు కలిసి వెళ్లండి, ఒకరు చూస్తుంటే ఒకరు రాసుకోవచ్చు. ఏ పేజీలు కావాలో అక్కడే గుర్తు పెట్టి నకళ్లు అడిగితే ఖర్చూ తగ్గుతుంది.

ఫీజు గ్రామ స్థాయి ఆఫీసుల్లో లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. నకలుకు పేజీకి 2 రూపాయలు. పీహెచ్‌సీ ఏ స్థాయి కిందికి వస్తుందన్న పేచీ ఎందుకు, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేసేయండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, రుజువు నకలు జత చేయాలి. నేరుగా ఇస్తే రెండో కాపీ మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి వెనకాడితే స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదు ఫైలులో అంటించండి.

జవాబుకు 30 రోజుల గడువు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. ఈ రెండోదాన్ని నిజమైన అత్యవసరానికే వాడాలి. ఐసీయూలో ఉన్న మనిషికి రక్తం ఎందుకు అందలేదో తెలిపే రికార్డు అలాంటిది. దరఖాస్తు తప్పు ఆఫీసుకు వెళ్తే సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే 5 రోజుల్లో సరైన చోటికి పంపాలి. "మాది కాదు" అని తిప్పిపంపడం చట్టం ఒప్పుకోదు.

"వ్యక్తిగత సమాచారం" అన్న కారణంతో నిరాకరించడం ఈ మధ్య ఎక్కువైంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 8(1)(జె)ని బాగా బిగించింది. దీనికి రెండు జాగ్రత్తలు. మొదటిది, పేర్లు అడక్కండి, హోదాలు అడగండి: "మెడికల్ ఆఫీసర్ హాజరు" అంటే చాలు. రోగుల పేర్లు, జబ్బులు ఎప్పుడూ అడగొద్దు, అది మన నైతిక బాధ్యత కూడా. రెండోది, సెక్షన్ 8(2), సెక్షన్ 10 గుర్తుంచుకోండి. ప్రజా ప్రయోజనం ఎక్కువగా ఉంటే మినహాయింపు ఉన్న సమాచారం కూడా ఇవ్వొచ్చు. ఇవ్వకూడని భాగాన్ని చెరిపి మిగతా పేజీ ఇవ్వాల్సిందే.

5. జవాబు రాకపోతే

మొదటి 30 రోజులు దాటాక మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. అది అదే శాఖలో సమాచార అధికారి కన్నా పై అధికారికి వెళ్తుంది. ఫీజు లేదు. ఏ తేదీన అడిగారు, ఏం రాలేదు, ఏం కావాలి, ఈ మూడే రాయండి. కోపం రాయొద్దు. ఆయన 30 రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో తేల్చాలి. నా అనుభవంలో చాలా సమాచారం ఈ దశలోనే కదులుతుంది, ఎందుకంటే అప్పటిదాకా ఒక క్లర్కు బల్ల మీద ఉన్న కాగితం పై అధికారి సంతకానికి వస్తుంది.

అప్పటికీ రాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేయగలదు, అదీ ఆ అధికారి సొంత జేబు నుంచి. అయితే కమిషన్ దగ్గర ఆలస్యం మామూలే. తెలంగాణ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా కమిషనర్లే లేరు. అందుకే రెండో అప్పీలు వేసి ఊరుకోకండి. అది నడుస్తుండగానే కింద చెప్పే దారుల్లో పని సాగించండి.

ఇంకొక చిన్న మాట. గడువు దాటాక ఇచ్చే సమాచారం ఉచితంగా ఇవ్వాలి. ఆలస్యంగా వచ్చిన జవాబులో "నకళ్లకు 340 రూపాయలు కట్టండి" అని ఉంటే సెక్షన్ 7(6) గుర్తుచేస్తూ ఒక ఉత్తరం రాస్తే సరిపోతుంది.

6. కాగితాలు వచ్చాక ఎక్కడ పెట్టాలి

కాగితాలు చేతికొచ్చాక చాలామంది నేరుగా విలేకరి దగ్గరికి వెళ్తారు. వార్త వస్తుంది, ఒక చిరుద్యోగికి మెమో వస్తుంది, మందులు మాత్రం రావు. ముందు ఒక పేజీ నోట్ తయారుచేయండి: ప్రమాణం ఏం చెబుతోంది, రికార్డు ఏం చూపుతోంది, తేడా ఎంత, ఎవరు ఏ తేదీలోగా ఏం చేయాలి. దాన్ని తీసుకుని ఆసుపత్రి డాక్టరును కలవండి. ఇండెంట్లు పెట్టి పెట్టి విసిగిపోయిన డాక్టర్లు చాలామంది ఉన్నారు. మీ నోట్ వాళ్లకూ బలమే.

ఆ తర్వాత సమావేశాలు. మండల పరిషత్ సర్వసభ్య సమావేశంలో పీహెచ్‌సీ వైద్యాధికారి నివేదిక చదవాలి. ఎంపీటీసీ, సర్పంచి చేతిలో మీ నోట్ ఉంటే వాళ్లు అడిగిన ప్రశ్న, అధికారి చెప్పిన జవాబు మినిట్స్‌లోకి ఎక్కుతాయి. జిల్లా పరిషత్‌లో విద్య, వైద్యానికి స్థాయీ సంఘం ఉంది. ఎంపీ అధ్యక్షతన జరిగే దిశ కమిటీ 2016 నుంచి జాతీయ ఆరోగ్య మిషన్‌తో సహా కేంద్ర పథకాలను సమీక్షిస్తుంది. వీటిలో ఎజెండా ముందే తయారవుతుంది కాబట్టి సమావేశానికి కనీసం రెండు వారాల ముందే నోట్ ఇవ్వాలి. మీటింగు రోజు గేటు దగ్గర ఇచ్చే కాగితం ఎవరూ చదవరు.

సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాయి. అక్కడ ఇచ్చే అర్జీకి నంబరు వస్తుంది. అర్జీ "పరిష్కరించబడింది" అని మూసేసినా జవాబు మీకు తృప్తిగా లేకపోతే ఆ నంబరు మీదే మళ్లీ తెరిపించండి. మూసివేతకు ఆధారమైన విచారణ నివేదిక నకలును సమాచార హక్కు కింద అడగండి. క్షేత్రానికి వెళ్లకుండానే మూసేసిన అర్జీలు ఈ నకలుతోనే బయటపడతాయి.

లంచం అడిగితే దారి వేరు. లేబర్ రూములో మగబిడ్డకింత ఆడబిడ్డకింత అని వసూలు చేయడం, పోస్టుమార్టం దగ్గర డబ్బులడగడం అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) చూడాల్సిన నేరాలు. ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. డబ్బు ఇవ్వకముందే ఫోన్ చేయడం మంచిది. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇచ్చినవాళ్లూ నేరస్తులే. గత్యంతరం లేక ఇచ్చినవాళ్లు 7 రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేస్తే వాళ్లకు రక్షణ ఉంటుంది. ఈ ఏడు రోజుల సంగతి ఆశా కార్యకర్తలందరికీ తెలిసుండాలని నా కోరిక.

అధికారి దుష్పరిపాలన, నిధుల దుర్వినియోగం అయితే లోకాయుక్త ఉంది. నిర్ణీత ఫారంలో, అఫిడవిట్‌తో ఫిర్యాదు చేయాలి. వైద్యం నిరాకరించడం, నిర్లక్ష్యంతో ప్రాణం పోవడం వంటివైతే మానవ హక్కుల కమిషన్. ఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. వినియోగదారుల కమిషన్‌కు మాత్రం వెళ్లకండి. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు ఆ చట్టం కిందికి రావని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మంచం లేదని వెనక్కి పంపితే అది ప్రాథమిక హక్కు ప్రశ్న అవుతుంది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు గాయమైన హకీం షేక్ అనే కూలీని ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వాసుపత్రులు తిప్పిపంపాయి. 1996లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగం 21వ అధికరణ (జీవించే హక్కు) ఉల్లంఘన అని తేల్చి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. డబ్బు లేదన్న సాకుతో ప్రభుత్వం ఈ బాధ్యత తప్పించుకోలేదని కూడా చెప్పింది. అర్జీల్లో ఈ తీర్పును ప్రస్తావించండి.

7. ప్రాణం పోయినప్పుడు

ఇది రాయడం కష్టమే, అయినా రాయాలి. ఆ గంటల్లో కుటుంబం ఏం చేస్తుందన్న దాని మీదే తర్వాత నిజం తేలడం ఆధారపడి ఉంటుంది.

కేస్ షీట్ నకలు కోసం వెంటనే రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్యుల వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం రోగి లేదా వారి తరఫు వ్యక్తి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, వాటిని 3 సంవత్సరాలు భద్రపరచాలి. ఎంత త్వరగా అడిగితే తర్వాత దిద్దుబాట్లకు అంత తక్కువ అవకాశం. అంబులెన్సుకు ఫోన్ చేసిన సమయం, ఆసుపత్రికి చేరిన సమయం, డాక్టరు చూసిన సమయం, రెఫర్ చేసిన సమయం, ఎవరికి గుర్తున్నవి వాళ్లు ఆ రోజే రాసి సంతకం పెట్టుకోండి. నెల తర్వాత జ్ఞాపకాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మరణ కారణం మీద అనుమానం ఉంటే పోస్టుమార్టం అడగండి. ఆ మాట నోట రావడం ఎంత బాధో తెలుసు, కానీ తర్వాత అడిగే వీలుండదు.

కాన్పు సమయంలో తల్లి చనిపోతే జిల్లాలో మాతృ మరణాల సమీక్ష జరిగి తీరాలి. కుటుంబం మాట కూడా అందులో వినాలి. సమీక్ష జరిగిందా, ఏ సిఫార్సులు చేశారు, అమలయ్యాయా అని అడగండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల తర్వాత మరణాలకూ ఇలాంటి వ్యవస్థ ఉంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో 83 మందికి ఆపరేషన్లు చేశారు, పదిమందికి పైగా మహిళలు చనిపోయారు. దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని, నాణ్యతా కమిటీల వివరాలు అందరికీ అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. అయినా 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. మీ జిల్లా నాణ్యతా హామీ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఆ మినిట్స్ ఎక్కడ అని ఏ ప్రమాదమూ జరగని రోజునే అడగండి.

ఎంత దుఃఖంలో ఉన్నా సిబ్బంది మీద చేయి చేసుకోవద్దు, అద్దాలు పగలగొట్టొద్దు. 2008 నాటి చట్టం ప్రకారం అది నేరం. అంతకన్నా ముఖ్యంగా, ఆ రోజు నుంచి విచారణ ఆసుపత్రి మీద నుంచి మీ మీదకు మళ్లిపోతుంది.

8. బడ్జెట్, కాగ్, అసెంబ్లీ

ఊరి సమస్య చాలాసార్లు రాజధానిలో పుడుతుంది. బడ్జెట్ పుస్తకాల్లో వైద్యం, ప్రజారోగ్యం 2210 పద్దులో, కుటుంబ సంక్షేమం 2211లో, భవనాలు వంటి పెట్టుబడి ఖర్చు 4210లో ఉంటాయి. మూడు నిలువు వరుసలు చూడండి: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు. బడ్జెట్ రోజు పత్రికల్లో వచ్చేది మొదటి అంకె. నిజం మూడో వరుసలో ఉంటుంది, అది రెండేళ్ల తర్వాతి పుస్తకంలో గానీ కనబడదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలంది. మీ రాష్ట్రం లెక్కను దాంతో పోల్చి చూసుకోండి.

ప్రభుత్వ లెక్కలను ఆడిట్ చేసే కాగ్ నివేదికలు దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆరోగ్య సదుపాయాల మీద 2016 నుంచి 2022 వరకు కాలానికి పలు రాష్ట్రాల్లో ప్రత్యేక పనితీరు ఆడిట్లు చేసింది. అంత పెద్ద నివేదిక చూసి భయపడకండి. చివర్లోని అనుబంధాలు ముందు తెరవండి. తనిఖీ చేసిన ఆసుపత్రుల జాబితా, మందుల కొరత పట్టికలు అక్కడ ఉంటాయి. మీ జిల్లా పేరు వెతకండి, దొరికితే ఆ పేజీ నంబరు మీ నోట్‌లో రాయండి. ఆడిటర్లు ఎత్తిచూపిన లోపాన్ని కొట్టిపారేయడం ఏ డీఎంహెచ్‌ఓకైనా కష్టం.

కాగ్ నివేదిక గవర్నర్ ద్వారా శాసనసభకు చేరి, అక్కడి నుంచి ప్రజా పద్దుల కమిటీకి వెళ్తుంది. కమిటీ శాఖ కార్యదర్శిని పిలిచి అడగగలదు. మీ ఎమ్మెల్యే ఆ కమిటీలో సభ్యులైతే మీ నోట్ వాళ్లకు చేరాలి. కాకపోయినా, శాసనసభలో ప్రశ్న వేయమని కోరొచ్చు. అసెంబ్లీ ప్రశ్నకు మంత్రి ఇచ్చే రాత జవాబు కోసం ఫైలు పీహెచ్‌సీ దాకా దిగి మళ్లీ పైకి వస్తుంది.

9. మూడు నెలలకోసారి మళ్లీ

మందులు వచ్చాయి, టెక్నీషియన్ తిరిగొచ్చారు అనుకోండి. ఫైలు మూయకండి. అదే దరఖాస్తును తేదీలు మార్చి మూడు నెలల తర్వాత మళ్లీ పంపండి. డిప్యుటేషన్ నుంచి వెనక్కి వచ్చిన మనిషి నెల తిరిగేసరికి మళ్లీ వెళ్లిపోవడం సాధారణం. పని ముగ్గురి మధ్య పంచుకోండి: ఒకరు దరఖాస్తులు, ఒకరు సమావేశాలు, ఒకరు చీటీలు, బిల్లుల సేకరణ. ఎవరికీ టెన్షన్ ఉండదు, ఒకరు ఊరు విడిచి వెళ్లినా పని ఆగదు. ప్రతి కాగితం నకలు ఇద్దరి ఇళ్లలో ఉండాలి. మంచి పని చేసిన నర్సు గురించి, సమయానికి ఇండెంట్ పెట్టిన ఫార్మసిస్టు గురించి కూడా పై అధికారికి ఒక ఉత్తరం రాసి అదే ఫైలులో పెట్టండి. వచ్చే త్రైమాసికం రిజిస్టర్లు చూడటానికి వెళ్లినప్పుడు తలుపు తీసేది వాళ్లే.